ఎర్ర నూనెడబ్బా దీపం వెలిగితే: బండి ఆపడం నుంచి చాంబర్ విప్పడం దాకా

డ్యాష్‌బోర్డు మీద వెలిగే దీపాల్లో చాలావాటికి "సాయంత్రం చూద్దాంలే" అనొచ్చు. ఇంజన్ ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని చెప్పే, ముక్కు చివర చుక్క కారుతున్న ఎర్ర నూనెడబ్బా బొమ్మకి మాత్రం ఆ మాట చెల్లదు. మా బాబాయి బండిలో అది సూర్యాపేట దాటాక వెలిగింది. పది కిలోమీటర్లలో తెలిసిన షెడ్డుందని ఆయన నడుపుతూనే వెళ్లాడు. ఏడో కిలోమీటరులో ఇంజన్ పట్టేసింది. అంతకు నెల ముందు ఆయిల్ మార్చినవాళ్లు, పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ నట్టు కింద పాత వాషరే వేశారు. అక్కడ చుక్క చుక్కగా కారి, ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ ఖాళీ అయింది. కొత్త వాషర్ వేసి ఉంటే పదో ఇరవయ్యో రూపాయలు. ఇంజన్ పనికి లక్ష దాటింది.

అందుకే ఈ వ్యాసంలో ఏం చెయ్యాలన్నది ఎంత ముఖ్యమో, ఏది ముందు చెయ్యాలన్నదీ అంతే ముఖ్యం. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఇంజన్ విప్పే పనులు చివర. షెడ్డుల్లో చాలాసార్లు ఇది తలకిందులవుతుంది. గేజ్ పెట్టి ఆయిల్ ఒత్తిడి కొలవకుండానే "ఇంజన్ దించాలి సార్" అనేస్తారు, లేదా మరోవైపు పోయి "సెన్సార్ పోయుంటుంది, పర్లేదు నడపండి" అంటారు. ఈ రెండో మాట ఇంకా ప్రమాదం.

ఆ దీపం దేన్ని చూపిస్తోంది

పొలంలో బావీ మోటారూ తెలిసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ బావి. అందులోకి దిగిన పైపు కొసన జాలి ఉంటుంది, దాన్ని స్ట్రెయినర్ అంటారు. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్టుతో పాటు తిరిగే పంపు ఆ జాలి గుండా ఆయిల్ లాగి, ఫిల్టర్‌లో వడగట్టి, సన్నని కాలువల్లాంటి దారుల్లో క్రాంకు బేరింగులకు, పైన వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్టుకు, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో ఉంటే దానికీ తోస్తుంది. క్రాంక్ షాఫ్టు తన బేరింగుని నేరుగా తాకదు. తల వెంట్రుక కంటే సన్నని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. టర్బో షాఫ్టయితే నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఆయిల్ అందకపోతే ముందు చచ్చేది అదే.

ఆయిల్ వెళ్లే దారిలో ఒకచోట చిన్న ప్రెషర్ స్విచ్ బిగించి ఉంటుంది. ఎక్కువ బండ్లలో అది ఫిల్టర్ దగ్గర్లోనో, సిలిండర్ హెడ్ పక్కనో కనిపిస్తుంది. ఒత్తిడి లేనప్పుడు లోపలి కాంటాక్టు ఇంజన్ బాడీకి తగిలి దీపం వెలుగుతుంది. ఒత్తిడి పెరిగితే కాంటాక్టు విడిపోయి ఆరిపోతుంది. తాళం ఆన్ చెయ్యగానే దీపం వెలగడం, సెల్ఫ్ కొట్టాక రెండు మూడు సెకన్లలో ఆరడం ఇందుకే. ఆన్ చేసినప్పుడు అసలు వెలగకపోతే సంతోషించకండి. వైరు ఊడి ఉండొచ్చు, బల్బు పోయి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి వెళ్లినప్పుడు నేను మొదట చూసేది ఇదే. దీపాన్ని నోరు మూయించి అమ్మేసేవాళ్లు ఉన్నారు.

ఇక్కడ జనం పొరబడే విషయం ఒకటుంది. ఈ దీపం ఆయిల్ ఎంతుందో చెప్పదు, ఎంత ఒత్తిడితో పారుతోందో చెబుతుంది. అది కూడా చాలా ఆలస్యంగా. మామూలు స్విచ్ సుమారు 0.2 నుంచి 0.5 బార్ (ఒత్తిడి కొలమానం) మధ్య పనిచేస్తుంది. బాగున్న ఇంజన్‌లో వేడెక్కాక రేస్ ఇస్తే 3 బార్ దాకానో ఆపైనో ఉంటుంది. అంటే దీపం వెలిగేసరికే ఒత్తిడి అడుగంటిపోయింది. కొన్ని బండ్లలో పసుపు రంగు నూనెడబ్బా కూడా ఉంటుంది. అది మాత్రం మట్టం తగ్గిందని చెప్పేది, దానికి ఇంత కంగారు అక్కర్లేదు.

వెలిగిన వెంటనే

కాలు యాక్సిలరేటర్ మీంచి తీసి, ఇండికేటర్ వేసి, ఎడమ పక్కకి రండి. బండి పూర్తిగా నిలిచాక ఇంజన్ ఆపండి. కదులుతుండగా ఆపితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు గట్టిపడుతుంది. హజార్డ్ లైట్లు వేసి, ముక్కోణం బోర్డు వెనక దూరంగా పెట్టండి.

"ఇంకోసారి స్టార్ట్ చేసి చూద్దాం, ఆరిపోతుందేమో" అన్న ఆశ వదిలెయ్యండి. ఆయిల్ మట్టం చూడకుండా రెండోసారి సెల్ఫ్ కొట్టొద్దు. జాతీయ రహదారి మీదయితే 1033కి ఫోన్ చెయ్యొచ్చు. ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే ఆ నంబరుకి చెయ్యండి. ఇన్సూరెన్స్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. రాయి తగిలి చాంబర్ పగిలితే అది ప్రమాదం. పగిలిన చాంబర్‌తో మీరు నడుపుకుంటూ వెళ్లి ఇంజన్ పాడుచేసుకుంటే ఆ అదనపు నష్టం మీ నెత్తినే. మన మోటారు పాలసీ షరతుల్లో ఈ మాట రాసే ఉంటుంది.

డిప్‌స్టిక్ దగ్గర తొందరపడొద్దు

చదునైన చోట పది నిమిషాలు ఆగండి, పైకెక్కిన ఆయిల్ కిందికి దిగాలి. డిప్‌స్టిక్ లాగి, తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. మొదటిసారి తీసినప్పుడు కనిపించే మట్టాన్ని నమ్మొద్దు.

కింది గీతకి తక్కువగా ఉంటే, లేదా పుల్లకి అసలు అంటకపోతే, కారణం సగం దొరికినట్టే. రెండు గీతల మధ్య దూరం చాలా కార్లలో సుమారు లీటరు. చిన్న పెట్రోల్ బండి మొత్తం పట్టేదే మూడు లీటర్లకు అటూ ఇటూ. కాబట్టి గీత కిందికి పోయిందంటే మూడో వంతు మాయమైనట్టు. ముందు బండి కింద చూడండి. ధారగా కారుతుంటే ఎంత పోసినా వృథా, క్రేన్ పిలవండి. కారుడు లేకపోతే అర లీటరు పోసి, మట్టం చూసి, మళ్లీ కొంచెం పోయండి. పై గీత దాటనివ్వకండి. ఎక్కువైతే క్రాంకు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలే ఎక్కువ కాబట్టి ఒత్తిడి మళ్లీ పడిపోతుంది.

మట్టం సరిచేసి స్టార్ట్ చేశాక అయిదు సెకన్లలో దీపం ఆరి, టకటక చప్పుడు లేకపోతే బయల్దేరొచ్చు. కానీ పోయిన ఆయిల్ ఎక్కడికి పోయిందో తేలాలి. డ్రెయిన్ నట్టు, ఫిల్టర్ అంచు, ప్రెషర్ స్విచ్, పైనున్న ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, గేర్‌బాక్సు ఇంజన్ కలిసే చోటు, ఈ అయిదూ వేలితో తడిమి చూడండి. ఎక్కడా తడి లేకపోతే ఇంజన్ తాగేస్తోందని అర్థం. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తుందేమో గమనించండి.

మట్టం బాగుంటే రంగు, వాసన చూడండి. పాలు కలిపిన టీలా ఉంటే కూలెంట్ కలిసింది, స్టార్ట్ చెయ్యనేకూడదు. పెట్రోల్ వాసన కొడుతూ నీళ్లలా జారుతుంటే ఇంధనం కలిసి పలచబడింది. బీఎస్6 డీజిల్ బండ్లలో ఇది మరో దారిన వస్తుంది. ఊళ్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగితే పొగ ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకునే పని మధ్యలో ఆగిపోయి, ఆ పని కోసం అదనంగా వదిలిన డీజిల్ కాలకుండా మిగిలి చాంబర్‌లోకి దిగుతుంది. మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. "ఆయిల్ తాగట్లేదు, బంగారం లాంటి బండి" అని మురిసిపోతాం.

ఏ సమయంలో వెలుగుతోంది?

మట్టం బాగానే ఉంటే, దీపం ఎప్పుడెప్పుడు వెలుగుతోందో గుర్తుచేసుకోండి. మెకానిక్‌కి ముందు చెప్పాల్సింది ఇదే.

తిరుమల ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో మలుపు తిరిగినప్పుడు, గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రం మిణుక్కుమంటే ఆయిల్ ఒక పక్కకి ఒరిగి జాలి బయటపడుతోంది. కొబ్బరిబోండం అడుగంటాక స్ట్రా గుర్రుమన్నట్టే, పంపు గాలి పీలుస్తోంది. దాదాపు ఎప్పుడూ ఇది మట్టం తక్కువైన బండే, డిప్‌స్టిక్ మళ్లీ చూడండి.

రోజూ పొద్దున మొదటి స్టార్ట్‌లో నాలుగైదు సెకన్లు వెలిగి ఆరితే ఫిల్టర్‌ని అనుమానించాలి. నీళ్లు వెనక్కి జారకుండా మోటారుకి ఫుట్ వాల్వు ఉన్నట్టు ఫిల్టర్‌లో ఒక రబ్బరు వాల్వు ఉంటుంది. అది గట్టిపడిపోతే రాత్రంతా ఆయిల్ కిందికి జారి, పొద్దున్నే పంపు మళ్లీ మొదట్నుంచి నింపాల్సి వస్తుంది. నాసిరకం ఫిల్టర్లలో ఇది మామూలే.

బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో వెలిగి, కొంచెం రేస్ ఇవ్వగానే ఆరితే మూడు దారులు. ఆయిల్ పలచబడింది, పంపు అరిగింది, లేదా బేరింగుల సందు పెరిగింది. వేగంగా వెళ్తున్నప్పుడు వెలిగి, నెమ్మదిస్తే ఆరితే జాలి మూసుకుపోతోందని నా మొదటి అనుమానం. వేగం పెరిగితే పంపుకి ఎక్కువ ఆయిల్ కావాలి, జాలి అంత ఇవ్వలేదు. ఇక వేడీ చల్లా, ఐడిలూ రేసూ తేడా లేకుండా ఎప్పుడూ వెలుగుతూ, ఇంజన్ చప్పుడు మాత్రం ఎప్పటిలాగే ఉంటే స్విచ్, వైరు చూడాలి.

స్విచ్, వైరు

ఈ పరీక్షకి ఇంజన్ స్టార్ట్ చెయ్యక్కర్లేదు. స్విచ్ మీది వైరు లాగి, ఎక్కడా తగలకుండా పట్టుకుని, తాళం ఆన్ చెయ్యండి. దీపం ఇంకా వెలుగుతుంటే వైరే ఎక్కడో బాడీకి తగులుతోంది. ఎలుకలు కొరికిన చోటు, ఎగ్జాస్టు వేడికి కరిగిన చోటు వెతకండి. దీపం ఆరితే వైరు బాగుంది. ఇప్పుడా వైరు కొసని ఇంజన్ లోహానికి తాకిస్తే వెలగాలి. ఒంటి వైరు స్విచ్ ఉన్న బండ్లకే ఈ పద్ధతి. రెండు మూడు వైర్ల సెన్సారయితే, లేదా సంకేతం కంప్యూటర్ గుండా వెళ్లే కొత్త బండయితే తాకించే పని పెట్టుకోవద్దు, స్కానర్‌తో చూడాలి.

కనెక్టర్ ఊడదీసినప్పుడు లోపల ఆయిల్ తడి కనిపిస్తే స్విచ్ లోపలి పొర చిరిగింది, మార్చడం తప్ప మందు లేదు. స్విచ్ ధర కొన్ని వందలే. అయితే "మార్చి చూద్దాం, ఆరితే ఆరింది" అనుకుని ఆపొద్దు. పాతది ఎలాగూ విప్పుతున్నారు, ఆ రంధ్రంలోనే గేజ్ పెట్టి నిజమైన ఒత్తిడి కొలవండి. పదిహేను నిమిషాల పని.

గేజ్ పెట్టి కొలవడం

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో తీర్పు ఇక్కడే. షెడ్డువాళ్ల దగ్గర గేజ్ లేదంటే వేరే షెడ్డు చూసుకోండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డీప్ సాకెట్‌తో స్విచ్ విప్పండి. కొంచెం ఆయిల్ కారుతుంది, కింద గుడ్డ పెట్టుకోండి. జపాన్ తరహా బండ్లలో ఎక్కువగా ఎనిమిదో వంతు అంగుళం పైపు మర ఉంటుంది, యూరప్ బండ్లలో మిల్లీమీటర్ల మర. సరిపడే అడాప్టర్ ముందు చేత్తో ఎక్కాలి. మొదటి చుట్టులోనే పానా వాడాల్సి వస్తోందంటే మర తప్పు. గేజ్ పైపు ఫ్యాన్‌కి, బెల్టుకి, ఎగ్జాస్టుకి దూరంగా ఉండేలా కట్టండి.

స్టార్ట్ చేసి ముందు కారుతోందేమో చూడండి. సూది అసలు లేవకపోతే, లోపల కొట్టుడు చప్పుడు వినిపిస్తే, అయిదు సెకన్లలో ఆపెయ్యండి. సూది లేస్తే ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా వేడెక్కనిచ్చి అప్పుడు రాసుకోండి. చల్లని ఇంజన్‌లో ఆయిల్ చిక్కగా ఉండి ఎవరిదైనా బాగానే చూపిస్తుంది. అసలు పరీక్ష వేడి మీదే.

సరైన అంకె మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. అది చేతిలో లేకపోతే పాత మెకానిక్‌ల లెక్క ఒకటుంది: ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి సుమారు 10 పీఎస్ఐ (ఇదీ ఒత్తిడి కొలమానమే). బార్‌లో చెప్పాలంటే 0.7కి కాస్త తక్కువ. వేడి ఐడిల్‌లో 10 పీఎస్ఐ దరిదాపుల్లో, 3000 దగ్గర 30కి పైన ఉంటే కంగారు లేదు. అప్పటికీ దీపం వెలుగుతుంటే స్విచ్ మార్చండి. కొత్తది బిగించేటప్పుడు మరకి టెఫ్లాన్ టేపు మందంగా చుట్టొద్దు. ఒంటి వైరు స్విచ్‌కి ఎర్త్ అందేది ఆ మర గుండానే, పైగా ఊడిన టేపు ముక్క ఆయిల్ దారిలో పడుతుంది.

సూది తక్కువ చూపితే అది ఎప్పుడు తక్కువన్నది చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడి ఐడిల్‌లో మాత్రం పడిపోతే పలచని ఆయిల్ గానీ అరిగిన బేరింగులు గానీ కారణం. అన్ని వేగాల్లోనూ తక్కువైతే పంపు, ఒత్తిడి మితిమీరితే ఆయిల్‌ని వెనక్కి వదిలే దాని రిలీఫ్ వాల్వు, జాలి చూడాలి. ముందు బాగుండి రేస్ పెంచేకొద్దీ తగ్గితే జాలే.

చిక్కని ఆయిల్ పోసే వైద్యం

వేడి ఐడిల్‌లో దీపం మిణుక్కుమంటే మన దగ్గర చేసే మొదటి పని 20డబ్ల్యూ-50 అనే చిక్కని గ్రేడు ఆయిల్ పోయడం. దీపం ఆరుతుంది, బండి నాలుగు నెలలు తిరుగుతుంది, ఈలోగా అమ్మేస్తారు. అరుగుదల మాత్రం ఎక్కడున్నది అక్కడే. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి పలచని గ్రేడులకి తయారైన కొత్త ఇంజన్లలో సన్నని దారుల్లోకి చిక్కని ఆయిల్ పొద్దున్నే ఆలస్యంగా చేరుతుంది. ముందుగా చెయ్యాల్సింది కంపెనీ చెప్పిన గ్రేడు, నమ్మకమైన చోట కొన్న ఆయిల్, మంచి ఫిల్టర్ వేసి మళ్లీ గేజ్ చూడ్డం. కిలోమీటర్లు దాటిపోయినా ఆయిల్ మార్చకుండా వదిలేసిన బండయితే చాలాసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది.

తీసిన పాత ఆయిల్‌ని గుడ్డలో వడగట్టండి. పాత ఫిల్టర్ కోసి లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. వెండి రంగు పొడి మెరిస్తే బేరింగు పై పూత లేస్తోంది. రాగి రంగు కనిపిస్తే పూత పోయి లోపలి పొర బయటపడింది, ఆ బండిని ఇక నడపొద్దు. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము. ఫిల్టర్‌ని రంపంతో కోస్తే ఆ రజనే ఇంజన్‌దనుకుని బెదిరిపోతారు, కట్టర్ వాడండి.

చాంబర్ విప్పాల్సి వస్తే

విప్పే ముందు కింద నుంచి చాంబర్‌ని చూడండి. మన స్పీడ్ బ్రేకర్లకి, గుంతల్లోని రాళ్లకి ఇనుప రేకు చాంబర్ సొట్టపోతుంది. బయటికి కారుడు ఉండదు. కానీ జాలికీ చాంబర్ అడుగుకీ మధ్య ఉండేదే వేలెడు సందు. సొట్ట లోపలికి పోయి జాలి మూతికి ఆనుకుంటే బావి నిండా నీళ్లున్నా మోటారుకి అందదు. ఇలాంటి బండికి పంపు మార్చిన బిల్లు నేను చూశాను. చాంబర్ సొట్ట అలాగే ఉంది.

బండిని స్టాండ్ల మీద నిలపండి, జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరొద్దు. ఆయిల్ గోరువెచ్చగా అయ్యాక దించండి. చాంబర్ ఊడాక జాలిని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూడండి. నల్లటి జిగురు మడ్డి పేరుకుందంటే ఆయిల్ మార్పులు తప్పాయి. లోపలి మడ్డి కరిగించే ఇంజన్ ఫ్లష్ మందు పోసిన కొద్ది రోజులకే దీపం వెలిగిన బండ్లలో కూడా ఇదే ఉంటుంది. గోడల మీది మడ్డి కదిలి జాలికి చేరుతుంది. ఎర్రగానో బూడిద రంగులోనో రబ్బరు తీగల్లాంటివి చిక్కుకుని ఉంటే, అంతకుముందు ఎవరో చాంబర్ బిగించేటప్పుడు సిలికాన్ పేస్టు ధారాళంగా పూశారు. లోపలికి పొంగిన పేస్టు ఎండి, ఊడి, జాలికి అడ్డంపడింది.

జాలి పైపు పంపుకి కలిసే చోట ఒక రబ్బరు రింగు ఉంటుంది. అది గట్టిపడితే అక్కణ్నుంచి గాలి పీలుస్తుంది. జాలి కడిగి పాత రింగే వేయడం పని సగంలో ఆపడమే. రిలీఫ్ వాల్వు పిస్టన్ తన గొట్టంలో వేలితో నొక్కితే స్వేచ్ఛగా కదలాలి. మడ్డితో తెరుచుకుని ఇరుక్కుంటే పంపు తోసిందంతా వెనక్కే పోతుంది. పంపు చాలా చిన్న కార్లలో క్రాంకు ముందు కొసన టైమింగ్ చైన్ వైపు ఉంటుంది. దాన్ని చేరాలంటే పుల్లీ, కవర్ విప్పాలి. చైన్ మార్కులు తెలియనివాళ్లు ఇక్కడ ఆగిపోవడం మేలు.

చాంబర్ తెరిచే ఉంది కాబట్టి ఒక బిగ్ ఎండ్ క్యాప్ (పిస్టన్ రాడ్డుని క్రాంకుకి పట్టి ఉంచే మూత) విప్పి బేరింగు చూడండి. మసక బూడిద రంగులో నున్నగా ఉంటే సంతోషం. గోటికి తగిలే గీతలు, రాగి మెరుపు కనిపిస్తే కొత్త షెల్ బేరింగులు వేసినంత మాత్రాన సరిపోదు. క్రాంకు జర్నల్‌ని, అంటే బేరింగులో తిరిగే భాగాన్ని, మైక్రోమీటర్‌తో కొలిచాకే గ్రైండింగా, కొత్త క్రాంకా తేలుతుంది. మీకూ మెకానిక్‌కీ మధ్య డబ్బు మాటలు మొదలవ్వాల్సింది ఈ కొలత తర్వాతే.

మళ్లీ బిగించి స్టార్ట్ చెయ్యడం

పాత పేస్టు గోకి, చాంబర్, ఇంజన్ కలిసే రెండు ముఖాలూ నూనె తడి లేకుండా తుడిచి, కొత్త సిలికాన్ పేస్టుని మూడు మిల్లీమీటర్ల మందాన ఒకే తీగలా, బోల్టు రంధ్రాలకి లోపలి పక్కగా పూయండి. బోల్టులు మధ్య నుంచి అంచులకి, రెండు విడతల్లో బిగించండి. ట్యూబు మీద రాసినంతసేపు ఆరనివ్వండి. డ్రెయిన్ నట్టుకి కొత్త వాషర్. ఫిల్టర్ రబ్బరుకి వేలితో ఆయిల్ రాసి, చేత్తో తగిలేదాకా తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు.

పంపు విప్పి ఉంటే, ఎండాకాలంలో మోటారుకి నీళ్లు పోసి ఎక్కించినట్టు, బిగించేముందే దాంట్లో ఆయిల్ నింపాలి. మట్టం సరిచూశాక, ఇంజన్ స్టార్ట్ కాకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, పదేసి సెకన్లు సెల్ఫ్ కొట్టి, మధ్యలో స్టార్టర్‌కి విరామమివ్వండి. దీపం ఆరాక, లేదా గేజ్ సూది కదిలాక, ఫ్యూజు పెట్టి స్టార్ట్ చెయ్యండి. రేస్ ఇవ్వొద్దు. పది సెకన్లలో ఒత్తిడి రాకపోతే ఆపి, ఎక్కడ గాలి పీలుస్తోందో చూడాలి.

వేడి మీద గేజ్ అంకెలు రాసి బండి కాగితాల్లో పెట్టుకోండి, తర్వాతి మెకానిక్‌కి పనికొస్తాయి. పాత ఆయిల్ మురుగు కాలువలో పోయకుండా, డబ్బాలో పోసి పాత ఆయిల్ తీసుకునే షెడ్డుకి ఇచ్చెయ్యండి. యాభై కిలోమీటర్లు తిరిగొచ్చాక కింద అట్టముక్క పరిచి రాత్రంతా నిలపండి. పొద్దున్నే అట్ట మీద మరక చూసి, డిప్‌స్టిక్ తీసి, అప్పుడు తాళం తిప్పండి.